షార్ట్‌వేవ్‌లో అక్షర ప్రసారం: మాట వినిపించకున్నా వార్త అందుతుంది

షార్ట్‌వేవ్ రేడియోలో మాట అర్థం కానంత బలహీనంగా వినిపించే ప్రసారం నుంచి కూడా ఒక్కోసారి పూర్తి వార్తను చదువుకోవడం సాధ్యమే. ఇందుకు ఇంటర్నెట్ అవసరం లేదు. షార్ట్‌వేవ్ రేడియో, దానికి తోడు కంప్యూటర్ గానీ స్మార్ట్‌ఫోన్ గానీ ఉంటే చాలు.

షార్ట్‌వేవ్ తరంగాలు ఐనావరణాన్ని తాకి తిరిగి నేలకు మళ్లుతూ వేల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. ఒకే తరంగం పలు మార్గాల్లో రావడంతో ధ్వని ఒక క్షణం పెరిగి, మరుక్షణం తగ్గుతుంది. మానవ స్వరానికి ఇది పెద్ద అవరోధం. ఈ ఒడిదుడుకులను తట్టుకునేలా రూపొందిన అక్షర ప్రసార విధానాలలో ఎంఎఫ్‌ఎస్‌కె32 ఒకటి.

ఈ విధానంలో అక్షరాలు 16 వేర్వేరు స్థాయిల ధ్వనులుగా మారతాయి. సెకనుకు 31.25 ధ్వనులు వెలువడతాయి. ఒక్కొక్కటి 4 బిట్లను మోస్తుంది. దోష సవరణ కోసం అసలు సమాచారానికి రెట్టింపు బిట్లను పంపుతారు. వాటిని వరుస మార్చి చెదరగొట్టడం వల్ల, మధ్యలో కొంత ధ్వని చెడినా పోయిన అక్షరాలను తిరిగి కూర్చే వీలుంటుంది. నిమిషానికి సుమారు 120 ఇంగ్లీషు పదాలు అందుతాయి. చిన్న చిత్రాలను కూడా పంపవచ్చు.

ఇంటర్నెట్‌ను అడ్డుకున్న ప్రాంతాలకు సమాచారం చేరవేయడంలో ఈ విధానం ఎంతవరకు ఉపకరిస్తుందో వాయిస్ ఆఫ్ అమెరికా పరీక్షించింది. కిమ్ ఆండ్రూ ఎలియట్ రూపొందించిన ‘వీఓఏ రేడియోగ్రామ్’ 2013 మార్చి నుంచి 2017 జూన్ వరకు ప్రసారమైంది. అనంతరం ఆయనే ‘షార్ట్‌వేవ్ రేడియోగ్రామ్’ పేరిట అమెరికాలోని ప్రైవేటు కేంద్రాల ద్వారా ఆ ప్రయోగాన్ని కొనసాగించారు.

ఈ ప్రసారాలను అందుకోవడం కష్టమేమీ కాదు. ఫ్ల్‌డిజి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ముందుగానే కంప్యూటర్‌లో ఉంచుకోవాలి. రేడియో ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ మైకు రంధ్రానికి తీగ కలపాలి. తీగ లేకుంటే మైకును రేడియో స్పీకరు దగ్గర ఉంచినా సరిపోతుంది. ధ్వని మరీ ఎక్కువైతే వక్రీకరణ ఏర్పడి అక్షరాలు తప్పుతాయి కనుక మధ్యస్థంగా ఉంచాలి. తెరపై ధ్వని పట్టీ కనిపించిన చోట గుర్తు నిలిపి, సరైన విధానాన్ని ఎంచుకోగానే అక్షరాలు వరుసగా కనిపిస్తాయి.

తెలుగు విషయంలో ఒక పరిమితి ఉంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోగా, తెలుగులో ప్రతి అక్షర సంకేతానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు కావాలి. అందువల్ల తెలుగు వార్తను పంపడానికి సమయం బాగా ఎక్కువ పడుతుంది. సంక్షిప్త హెచ్చరికలకు మాత్రం ఇది అడ్డంకి కాబోదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు విద్యుత్తు, ఫోను సేవలు స్తంభించాయి. అటువంటి వేళ దూరప్రాంత కేంద్రం నుంచి వచ్చే ప్రసారానికి స్థానిక టవర్లతో పని ఉండదు. బ్యాటరీతో నడిచే రేడియో, ఛార్జింగ్ ఉన్న ఫోను దానిని అందుకోగలవు. అయితే ఇది ఏకపక్ష మార్గమే. సహాయం కోరుతూ సందేశం పంపాలంటే లైసెన్సు పొందిన అమెచ్యూర్ రేడియో ఆపరేటర్లను ఆశ్రయించవలసిందే. సాఫ్ట్‌వేర్‌ను సమకూర్చుకోవడం, దాన్ని ఉపయోగించడం సాధన చేయడం విపత్తుకు ముందే పూర్తికావాలి.