నిజాం సీమ నుంచి రాయబారిగా
పసుపు పంటకు పేరుపడ్డ ఆర్మూరు ప్రాంతం 1948 వరకు నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో ఉండేది. 1798లో నిజాంకు ఆంగ్లేయులతో కుదిరిన సైన్య సహకార ఒప్పందం, అంటే రక్షణకు బదులుగా విదేశీ వ్యవహారాలను వారికి వదులుకొనే ఏర్పాటు, కారణంగా ఈ సంస్థానవాసులకు దౌత్యవృత్తి అందని మానిపండే అయింది.

ఆ సంస్థానం నుంచి వచ్చి స్వతంత్ర భారత రాయబారి అయినవారిలో హైదరాబాదీ ఆబిద్ హసన్ సఫ్రానీది విలక్షణమైన జీవితం. ఇంజనీరింగు చదువుకై జర్మనీ వెళ్లిన ఆయన అక్కడ సుభాష్ చంద్రబోసుకు కార్యదర్శిగా మారి, 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి బోసు వెంట జర్మన్ జలాంతర్గామిలో బయలుదేరి, ఏప్రిల్ నెలాఖరున మడగాస్కర్ సమీపంలో, ఎగసిపడే అలల మధ్య రబ్బరు తెప్పపై జపాను జలాంతర్గామికి మారి, మే నెలలో సుమత్రా తీరంలోని సబాంగ్ చేరారు. 'జై హింద్' నినాదాన్ని సూచించినది కూడా ఆయనేనని ప్రసిద్ధి.

యుద్ధానంతరం ఆంగ్లేయుల నిర్బంధంలో గడిపిన కాలం ముగిసి, దేశం స్వతంత్రమయ్యాక ఆయన భారత విదేశాంగ సేవలో, అంటే ఇతర దేశాల్లో ప్రభుత్వ ప్రతినిధులుగా పనిచేసే అధికారుల శ్రేణిలో చేరి, ఈజిప్టులోను ఇరాక్‌లోను పనిచేసి, డెన్మార్కులో రాయబారి అయ్యారు. చరిత్రకారులు జలాంతర్గామి దగ్గరే ఆగిపోయి ఈ సుదీర్ఘ సేవను ఒక్క వాక్యంతో సరిపెట్టడం న్యాయం కాదు. 1969లో పదవీ విరమణ చేసి హైదరాబాదులో స్థిరపడిన సఫ్రానీ 1984లో మరణించారు.