గరాజులో బీరు, దూబగుంటలో సారా

పోయిన చలికాలం మా గరాజులో మొదటిసారి గింజలతో లాగర్ బీరు చేశాను. అంతకుముందు రెండుమూడు సార్లు డబ్బాలో దొరికే మాల్ట్ పాకంతో చేశాను గానీ, అది రెడీమేడ్ పులిహోర పేస్టు కలిపి వంటొచ్చని చెప్పుకోవడం లాంటిది. ఈసారి 4.5 కిలోల బార్లీ మాల్ట్ బరకగా మరపట్టించి, 66 డిగ్రీల నీళ్ళలో గంటసేపు ఉంచి, ఆ తియ్యటి నీళ్ళు వడగట్టి, హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపాను. మొత్తం 19 లీటర్లు. కలిపింది మాత్రం ఉదయగిరి చెక్క గరిటెతో. అమ్మ ఎప్పుడో సూట్‌కేసులో పెట్టింది, ఇందుకోసం కాదు లెండి.

నిజానికి మాల్ట్ మనకి కొత్తేమీ కాదు. గింజ మొలకెత్తేటప్పుడు పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి. అప్పుడు ఆరబెట్టేస్తే మాల్ట్. అమ్మ రాగులు మొలకట్టి, ఎండబెట్టి, దోరగా వేయించి విసిరే పిండి కూడా రాగిమాల్టే కదా! మా వైపు లేనిది చలి. లాగర్ ఈస్టు 10 డిగ్రీల దగ్గర రెండు వారాలు పనిచేసి, ఆ తర్వాత గడ్డకట్టేంత చల్లదనంలో నెలపైన నిలవుండాలి. అసలు లాగర్ అనే జర్మన్ మాటకి అర్థమే నిలవ చేసే చోటు. మే నెలలో ఆత్మకూరులో పొద్దున వండిన అన్నం రాత్రికి నిలవదు, ఇంక లాగరెక్కడ! రాయలవారు ఏడాదికి పైగా ముట్టడించి ఉదయగిరి కోట పట్టింది 1514లో. బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప ఇంకేం వెయ్యకూడదని బవేరియాలో చట్టం చేసింది 1516లో. సరదాకి చెప్పాను, రెంటికీ ఏ సంబంధమూ లేదు.

వీడియో కాల్‌లో అమ్మకి ఆ గిన్నెలు కనపడ్డాయి. "ఏందిరా అబ్బయా, సారా కాస్తన్నావా?" అంది. నవ్వుతూనే అడిగింది గానీ వెంటనే మాట మార్చేసింది.

ఆవిడ అలా అనడానికి కారణం ఉంది. ఉదయగిరి నుంచి కావలికి వెళ్ళే దారిలో కలిగిరి వస్తుంది. ఆ మండలంలోదే దూబగుంట. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరుగుతున్నప్పుడు, ఆ ఊరి ఆడవాళ్ళు రోసమ్మతో కలిసి సారా అంగడి మూయించారు. వాళ్ళ కథ పాఠంగా మిగతా ఊళ్ళ రాత్రిబడులకి చేరింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు ఆగిపోయాయి. మా ఊళ్ళో అంగడి ముందు కూర్చున్నవాళ్ళలో అమ్మ కూడా ఉంది. నేను పక్కన గోలీలాడుకుంటున్నాను.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. వాళ్ళు పోరాడింది ఎవరో పెరట్లో కాచుకున్న సారా మీద కాదు. 1980ల్లో 'వారుణి వాహిని' పేరుతో సర్కారే సరఫరా చేసి, వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు ప్యాకెట్లలో వాడవాడకీ చేర్చిన సారా మీద. 1970-71లో 39 కోట్లున్న ఎక్సైజు ఆదాయం 1991-92కి 812 కోట్లు దాటింది. తాగే నీళ్ళు రాని ఊరికి సారా మాత్రం ఎట్లా వస్తోందని వాళ్ళడిగారు. నాకు తెలిసి మన రాష్ట్ర బడ్జెట్ మీద అంతకన్నా సూటి ప్రశ్న ఇంకెవరూ వెయ్యలేదు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో పోయింది. 2019లో షాపులు సర్కారు చేతికొచ్చాయి, 2024లో మళ్ళీ ప్రైవేటుకెళ్ళాయి. రోసమ్మ 2016లో కన్నుమూసింది.

నేనుండే అమెరికాలో 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల బీరు చేసుకోవచ్చు, కానీ అమ్మకూడదు. మన దగ్గర తిరకాసు: చేసుకుంటే నేరం, కొనుక్కుంటే ఆదాయం. అలాగని నాటుసారా వదిలెయ్యమని నేననను. బట్టీ పెట్టి సారా కాయడం ఇక్కడా నేరమే, అది తాగి మన ఊళ్ళల్లో పోయినవాళ్ళూ ఉన్నారు. కానీ 'మద్యం' అనే ఒక్క మాటలో గరాజు బీరునీ, కూలి డబ్బులు లాక్కునే ప్యాకెట్నీ కలిపేస్తే ఆ ఆడవాళ్ళు అడిగిన ప్రశ్న మాయమైపోతుంది.

ఇదంతా అమ్మకి చెప్పాను. ఓపిగ్గా వింది. మా నాన్న అప్పట్లో ఆ ప్యాకెట్లకే సగం కూలి పోసేవాడని ఆవిడకి నేను గుర్తు చెయ్యనక్కర్లేదు.

బీరు ఏమైందంటారా? కాస్త వెన్న వాసన వచ్చింది. చివర్లో రెండ్రోజులు వెచ్చగా ఉంచితే పోయేదట, తొందరపడ్డాను. ఆ సంగతి కూడా చెప్తే అమ్మ ఒకటే అంది: "ఆ గరిటె ఇంక కూరకి వాడబాకు."