బహుళ ఛానళ్ళ ధ్వనిముద్రణ

బహుళ ఛానళ్ళ ధ్వనిముద్రణ అనగా ఒకే సమయంలో వినిపించే పలు ధ్వనులను వేర్వేరు మైకులతో గ్రహించి, కంప్యూటరులో వేర్వేరు ట్రాకులుగా భద్రపరచే పద్ధతి. ఇందుకు బహుళ ఛానళ్ళ ఆడియో ఇంటర్‌ఫేసు, రికార్డింగు సాఫ్టువేరు అవసరం. ఒకే మైకులో కలిసిపోయిన ధ్వనులను తరువాత పూర్తిగా విడదీయడం కష్టం. విడి ట్రాకులను మాత్రం ఎప్పుడైనా కలుపుకోవచ్చును. మళ్ళీ దొరకని జానపద ప్రదర్శనలను భద్రపరచడంలో ఈ పద్ధతి ప్రాముఖ్యం ఇదే.

చరిత్ర

1957లో ఆంపెక్స్ సంస్థ అమెరికా సంగీతకారుడు లెస్ పాల్‌కు 8 ట్రాకుల టేపు యంత్రాన్ని అందించింది. 1991లో ప్రో టూల్స్ 4 ట్రాకుల ముద్రణను కంప్యూటరులోకి తెచ్చింది. 2000లో విడుదలైన ఆడాసిటీ ఉచిత సాఫ్టువేరు. ఆర్డర్, రీపర్ కూడా బహుళ ఛానళ్ళ ముద్రణకు వాడే సాఫ్టువేర్లే.

పనిచేసే విధానం

మైకు నుండి వచ్చే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని ఇంటర్‌ఫేసులోని ప్రీయాంప్లిఫయరు పెంచుతుంది. ఆ సంకేతాన్ని సెకనుకు 44,100 లేదా 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. డ్రైవరు ద్వారా ఈ అంకెలు సాఫ్టువేరుకు చేరుతాయి. సాఫ్టువేరులో ప్రతి ట్రాకుకు ఒక ఇన్‌పుట్ ఛానలును కేటాయించి, ఆ ట్రాకును ముద్రణకు సిద్ధం చేయాలి. బఫరు 256 నమూనాలైతే 48,000 రేటు వద్ద దాని వలన కలిగే ఆలస్యం సుమారు 5.3 మిల్లీసెకన్లు.

ఒగ్గు కథ ముద్రణ

నల్గొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాలలో ప్రసిద్ధి చెందిన ఒగ్గు కథలో మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు ముఖ్యమైనవి. శివుని డమరుకాన్ని ఒగ్గు అంటారు. దీని ముద్రణకు 8 ఛానళ్ళను ఈ విధంగా కేటాయించవచ్చును:

* 1: ప్రధాన కథకుడు (కదులుతూ చెబుతాడు గనుక దుస్తులకు తగిలించే మైకు)
* 2: వంతపాట
* 3: ఒగ్గు
* 4, 5: డోళ్ళు
* 6: తాళాలు
* 7, 8: ప్రేక్షకుల స్పందనకు స్టీరియో జత

డోలు మోతలో కథకుని మాట మరుగున పడితే, అతని ట్రాకు స్థాయిని తరువాత పెంచుకోవచ్చును. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిన పన్నెండు మెట్ల కిన్నెర విషయంలో వాయించేవారే పాడతారు. అక్కడ నోటికొకటి, కిన్నెర బుర్రకొకటి చొప్పున రెండు మైకులు చాలును.

ఫైళ్ళ పరిమాణం

24 బిట్లు, 48,000 రేటు వద్ద 8 ఛానళ్ళకు గంటకు సుమారు 4.15 గిగాబైట్లు అవసరం. సాధారణ వేవ్ ఫైలు పరిమితి 4 గిగాబైట్లు. అందువలన 8 ఛానళ్ళను ఒకే ఫైలులో ఉంచితే సుమారు 62 నిమిషాలకే పరిమితి వస్తుంది. రాత్రంతా సాగే కథకు ఛానలుకొక ఫైలు చొప్పున ముద్రించడం, లేదా పెద్ద ఫైళ్ళకు ఉద్దేశించిన ఆర్‌ఎఫ్64 రూపాన్ని వాడడం మేలు.

జాగ్రత్తలు

* అతి పెద్ద ధ్వని కూడా గరిష్ఠ స్థాయికి చాలా దిగువనే ఉండేట్లు చూసుకోవాలి. డోలు దెబ్బ గాని, పోచంపల్లి మగ్గంపై పేక పోగును బిగించే దెబ్బ గాని ఒక్కసారిగా పైకి లేస్తుంది. గరిష్ఠం దాటి తెగిన ధ్వనిని పూర్వస్థితికి తేవడం కష్టం.
* రెండు ఇంటర్‌ఫేసులు వాడితే వాటి గడియారాలను కేబులుతో అనుసంధానించాలి. పది లక్షలకు 20 పాళ్ళ తేడా ఉన్నా, గంటలో ట్రాకుల మధ్య 72 మిల్లీసెకన్ల ఎడం ఏర్పడుతుంది.
* విద్యుత్ సరఫరా ఆగినా ముద్రణ ఆగకుండా బ్యాటరీ గల కంప్యూటరును వాడాలి. బయటి విద్యుత్‌తో నడిచే ఇంటర్‌ఫేసుకు యూపీఎస్ కూడా ఉండాలి.
* ముద్రణ ముగిసిన వెంటనే మూల ట్రాకులను మరొక డిస్కులోకి నకలు చేయాలి. కలిపిన పాటతో పాటు మూల ట్రాకులను, ఏ ఛానలులో ఏమున్నదో తెలిపే పట్టికను కూడా భద్రపరచాలి.

ఇవి కూడా చూడండి

* ఒగ్గు కథ
* కిన్నెర
* భూదాన్ పోచంపల్లి