పరదుఃఖమున కుపవాసము: ఖిలాఫతు దినము, నిజాము రాష్ట్రము

యుద్ధచరిత్రములయందు సేనల సంఖ్యయు, కోటల ముట్టడులును, సంధిపత్రముల తేదులును విపులముగా నుండును. ఆ యుద్ధములకు వేయిక్రోశుల దూరమున నుండి, ఆయుధము పట్టక, అన్నము మాని దైవమును ప్రార్థించినవారి వృత్తాంతము మాత్ర మొకటి రెండు పంక్తులతో ముగియును. అట్టివానిలో 1919 అక్టోబరు 17వ తేది శుక్రవారమున జరిగిన ఖిలాఫతు దినము ముఖ్యమైనది.

నేటి కామారెడ్డి జిల్లాలో మహారాష్ట్రపు టెల్లకు చేరువనున్న డోంగ్లి సీమను తలంచినపుడు ఈ విషయము మఱింత తెలియవచ్చును. ఆ సీమ పూర్వము నాందేడు జిల్లాలోని దేగలూరు తాలూకాలోనిది. ఆ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు 1956లో ఆంధ్రప్రదేశమునఁ గలిసినవి. అచ్చటి తెలుగువారు ఒక్కప్రొద్దనునది మహారాష్ట్రులకు ఉపాసు; ముసల్మానులకు రోజా. ఒక్కప్రొద్దు వారు ఒక పూట భుజింతురు. రోజా యుండువారు తెల్లవాఱుజాము మొదలు సూర్యాస్తమయము వఱకు నీరైనను ముట్టరు. నియమములు వేఱైనను, ఆఁకలి యొక్కటే. సామాన్యముగా ఈ వ్రతములన్నియుఁ దన పుణ్యమునకో, తనవారి క్షేమమునకో చేయఁబడునవి. కన్ను లెఱుఁగని దేశమందలి జనులకై యాఁకలి గొనుట యనునది వేఱొక సంగతి.

1918 అక్టోబరు 30న తురుష్కులు ముద్రోసులో యుద్ధవిరామమున కంగీకరించిరి. అంతతో వారి కష్టములు తీఱలేదు. 1919 మే 15న గ్రీకుసేనలు స్మిర్నా రేవున దిగెను. ఖలీఫా రాజధానియైన ఇస్తాంబూలులో మిత్రరాజ్యముల సైనికులు నిలిచియుండిరి. సెప్టెంబరులో లక్నోలోఁ గూడిన ముసల్మానుల మహాసభ ఖిలాఫతు దినమును నిర్ణయించెను. ఉపవాసము, ప్రార్థన, హర్తాళు అనునవి యానాటి విధులు. హిందువులును వానిలోఁ బాల్గొనవలెనని గాంధీమహాత్ముఁడు కోరెను. ఆ యేఁటనే ఏప్రిలు 6న రౌలటు చట్టమునకు ప్రతిగా ఇరువదినాలుగు గంటల యుపవాసమును ఆయన యావద్భారతమునకు విధించియుండెను. అది తమకుఁ గలిగిన యవమానమునకు. ఇది పొరుగువాని శోకమునకు.

బ్రిటనులో అయిదవ జార్జి చక్రవర్తి 1918 జనవరి 6ను ప్రార్థనాదినముగాఁ బ్రకటించినపుడు జనులు దేవాలయములకుఁ బోయి తమ పక్షమునకు జయమును వేఁడిరి. ఓడినవారికొఱకు, అందును తమ ప్రభువుల శత్రువులకొఱకు, ప్రార్థించుట కింకను గుండెదిటవు కావలెను.

నిజాము రాష్ట్రమున నీ చిక్కు మఱింత ముడివడియున్నది. 1914 నవంబరులో ఉస్మానలీఖాను ముసల్మానులు ఆంగ్లేయులయెడ విశ్వాసముతో నుండవలెనని ప్రకటన మొనర్చెను. హైదరాబాదు లాన్సర్లు ఈజిప్టునందును, పాలెస్తీనాయందును తురుష్కులపైఁ బోరిరి. ఢిల్లీలోని తీన్ మూర్తి స్మారకమున జోధ్‌పూరు, మైసూరు రౌతులతోఁబాటు వీరిని గుర్తించు విగ్రహమును నేఁటికిని గలదు. ఒకే రాష్ట్రపు బిడ్డలలోఁ గొందఱు తురుష్కులతోఁ బోరాడిరి. కొందఱు వారి కష్టమునకుఁ గన్నీరు విడిచిరి. ఇట్టివారిని ద్రోహు లనుట తగదని నా తలంపు.

1920లో హైదరాబాదు వివేకవర్ధినీ ప్రాంగణమున జరిగిన ఖిలాఫతు సభలలో వామననాయకు వంటి హిందువులును, బారిష్టరు అస్గరుహసను వంటి ముసల్మానులును ఒకే వేదికపై నిలిచిరి. ప్రభువు ఫర్మానుచే నాసభలు నిషిద్ధములయ్యెను. సభను మాన్పుట సులభమే. ఇంటిలో నొకఁడు పస్తుండుటను మాన్పఁగల ఫర్మాను లేదు. ఉపవాసమునకుఁ గల బలమంతయు నిచ్చటనే యున్నది.

ఐనను ఒక లోపమును మఱుగుపఱుపరాదు. ఆ ప్రార్థనలు ముఖ్యముగా ఖలీఫా పీఠమును గూర్చినవి. 1915 మొదలు ఆ తురుష్కప్రభుత్వముచేతనే యిండ్లు విడిపింపఁబడి, ఎడారిదారులలో నశించిన ఆర్మీనియనుల పేరు వానిలో వినఁబడుట యరిది. దుఃఖితులకై చేయు వ్రతమును, సింహాసనమునకై చేయు వ్రతమును ఒక్కటిగాఁ జూచుటవలన వచ్చిన తప్పిది.

ఆ సింహాసనమును మాత్రము నిలువలేదు. 1924 మార్చి 3న అంగోరా సభవారు ఖిలాఫతును రద్దు చేసిరి. దేశభ్రష్టుఁడైన ఖలీఫా అబ్దులుమజీదుకు, ఒకనాఁడు సభలను నిషేధించిన ఉస్మానలీఖానే నెలకు మూఁడువందల పౌనుల భృతి నొసంగెను. 1931 నవంబరులో ఆ ఖలీఫా కూఁతురు దుర్రుషెహవారు, నిజాము జ్యేష్ఠపుత్త్రుని వరించి, హైదరాబాదు కోడలయ్యెను.