మడత చాకు ఉక్కులు (చవక స్టెయిన్‌లెస్ రకాలు)

జేబు చాకుల బ్లేడ్లకు వాడే, ఖరీదు తక్కువైన, తుప్పును తట్టుకునే ఉక్కులు. శివగంగ జిల్లాలోని తిరుప్పాచెట్టి కొడవళ్లు పేరుమోసినవి. అవి మామూలు కార్బన్ ఉక్కువి కనుక నూనె రాయకపోతే తుప్పుపడతాయి. స్టెయిన్‌లెస్‌లో ఆ బెడదను తగ్గించేది క్రోమియం, పదును నిలిపేది ప్రధానంగా కార్బన్.

420 రకంలో కార్బన్ 0.4 శాతానికి మించదు. తుప్పును బాగా తట్టుకుంటుంది గాని త్వరగా మొద్దుబారుతుంది. 420హెచ్‌సీలో 0.45 దగ్గర ఉంటుంది, సానరాయిపై తేలిగ్గా పదునెక్కుతుంది. జపాన్ ఏయూఎస్-8లో 0.7 పైన, చైనా 8సీఆర్13ఎంఓవీలో సుమారు 0.8. 440సీలో 0.95–1.2, పదును నిలుస్తుంది, సాన పట్టడమే కష్టం.

అయితే రకం పేరుకన్నా కాచి చల్లార్చిన తీరు ముఖ్యం. అది చెడితే 440సీ కూడా చక్కగా కాచిన 420హెచ్‌సీ ముందు నిలవదు. తాడు, పండ్లు కోసే రైతుకు 420హెచ్‌సీ చాలు. ‘స్టెయిన్‌లెస్’ అని మాత్రమే ముద్రించి రకం చెప్పని చాకు కొనకపోవడం మేలు.