సాయానికి వస్తారు, పేరు చెప్పరు: తాండూరు–హైదరాబాద్ దారిపై ఒక పరిశీలన

2025 నవంబర్ 3, సోమవారం పొద్దున తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొట్టింది. టిప్పర్‌లోని కంకరంతా బస్సులోకి ఒరిగిపోయింది. సీట్లలో కూర్చున్నవాళ్లు కూర్చున్నచోటే కూరుకుపోయారు. 19 మంది చనిపోయారు. ఆదివారం ఇంటికొచ్చి తిరిగి చదువులకో కొలువులకో బయలుదేరినవాళ్లు వాళ్లలో ఉన్నారు. స్థానికులు పరుగెత్తుకొచ్చారు. జేసీబీలతో కంకర తొలగించి మనుషులను బయటికి లాగారు.

అదే దారిలో రాత్రి పదింటికి మోటారు సైకిల్ జారి ఒక మనిషి రోడ్డు పక్కన పడి ఉన్నాడనుకుందాం. వచ్చే వాహనాలు వేగం తగ్గిస్తాయి, లైటు వెలుగులో ఒకసారి చూస్తాయి, పోతాయి. ‘తాగి పడ్డడేమో’ అన్న మాట ఈ ప్రాంతంలో పెరిగినవాళ్లెవరికీ కొత్త కాదు. మనుషులూ వాళ్లే, దారీ అదే. మరి ప్రవర్తన ఎందుకు మారుతుంది? జనంలో జాలి తగ్గిపోయిందన్న మాటతో దీనికి జవాబు రాదు. జాలే లేకపోతే మీర్జాగూడలో ఎవరూ కంకరలో చేతులు పెట్టేవారు కాదు.

ఈ ప్రశ్నపై శాస్త్రం మొదలైంది న్యూయార్క్‌లో. 1964 మార్చి 13న క్యూ గార్డెన్స్‌లో కిట్టీ జెనోవీస్ అనే యువతి హత్యకు గురైంది. 38 మంది చూస్తూ ఊరుకున్నారన్న పత్రికా కథనం ప్రపంచమంతా పాకింది. బిబ్ లటానే, జాన్ డార్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దాని వెనక కారణం వెతికారు. 1968లో వాళ్లు చేసిన ప్రయోగంలో, పక్క గదిలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు ఇంటర్‌కామ్‌లో వినిపించారు. వింటున్నది తానొక్కరే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది మూర్ఛ ముగిసేలోపే సాయానికి లేచారు. తనతోపాటు మరో నలుగురు వింటున్నారనుకున్నవాళ్లలో లేచినవాళ్లు 31 శాతమే. నలుగురున్నారు కదా, ఎవరో ఒకరు చూసుకుంటారులే అన్న భావం ప్రతి ఒక్కరినీ ఆపేసింది.

అయితే 38 మంది కథనానికి ఆధారాలు లేవని 2007లో మానింగ్, లెవిన్, కాలిన్స్ అనే పరిశోధకులు తేల్చారు. నిజానికి ఒక పొరుగింటావిడ కిందికి దిగి వచ్చి, ప్రాణం పోతున్న కిట్టీని పొదివి పట్టుకుంది. తర్వాత ఆమ్‌స్టర్‌డామ్, కేప్‌టౌన్, లాంకాస్టర్ నగరాల్లో వీధి కొట్లాటల సీసీ కెమెరా దృశ్యాలు 219 పరిశీలిస్తే, పదింట తొమ్మిది సందర్భాల్లో ఎవరో ఒకరు కలగజేసుకున్నారు. ఈ ఫలితాన్ని నేను చాలా ముఖ్యమైనదిగా చూస్తాను. గుంపు చేరగానే మంచితనం చచ్చిపోతుందన్న నిర్ధారణతో మన పల్లెలనూ రోడ్లనూ కొలవడం అన్యాయం.

లటానే, డార్లీలు చెప్పినదాంట్లో మన దారికి ఎక్కువగా పనికొచ్చేది మరొకటి. సాయం చేయాలంటే మనిషి ముందు ఆ సంఘటనను గమనించాలి, అది ఆపదేనని గుర్తించాలి, బాధ్యత తనదనుకోవాలి, ఏం చేయాలో తెలియాలి. కంకరలో కూరుకుపోయిన బస్సును చూసినవాడికి అది ఆపదా కాదా అన్న అనుమానం రాదు. చీకట్లో పడున్న మనిషి విషయంలో వస్తుంది. తాగాడా, దెబ్బ తగిలిందా, దొంగల ఎత్తుగడా? ఆ అనుమానం తీరేలోపే బండి వంద గజాలు దాటిపోతుంది.

ఆగుదామనుకున్నా చోటుండాలి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారి విస్తరణ రోడ్డు పక్క మర్రిచెట్లను కాపాడాలన్న కేసుతో ఏళ్ల తరబడి ఆగింది. ఆ చెట్లను కాపాడాలన్నవాళ్ల తపన నిజమైనదే. ప్రాణాలు పోతున్నాయన్నవాళ్ల కోపమూ నిజమైనదే. మొత్తానికి మిగిలింది మాత్రం ఇరుకు రోడ్డు, వెనక హారన్ కొడుతూ వచ్చే నాపరాళ్ల లారీ, సిమెంటు లారీ. తొందర మనిషిని ఎంత మారుస్తుందో 1973లో ప్రిన్స్‌టన్‌లో డార్లీ, బాట్సన్ చూపించారు. దైవశాస్త్ర విద్యార్థులను ప్రసంగానికి పంపుతూ దారిలో మూలుగుతున్న మనిషిని ఎదురుపెట్టారు. తీరిగ్గా పోతున్నవాళ్లలో 63 శాతం మంది సాయపడితే, బాగా ఆలస్యమైందని చెప్పి తొందరపెట్టి పంపినవాళ్లలో 10 శాతం మందే ఆగారు.

ఇక ఆగినవాళ్ల సంగతి. పడ్డవాడి చుట్టూ గుంపు చేరగానే ముందు బండి నంబరు ప్లేటు చూస్తారు. టీఎస్ 34 గానీ టీజీ 34 గానీ అయితే వికారాబాద్ జిల్లా బండి. ‘మనోళ్లే ఉన్నట్టుంది’ అనగానే ఫోన్లు బయటికొస్తాయి, ఎవరి తాలూకో ఆరా మొదలవుతుంది. తనవాడనుకున్నవాడికే చేయి ముందుకొస్తుందని మార్క్ లెవిన్ బృందం 2005లో మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులతో చేసిన ప్రయోగం కూడా చెప్పింది. పొరుగు రాష్ట్రం నంబరైతే ఆ వెచ్చదనం కొంత తగ్గుతుంది. అప్పటికే ఎవరో సీసా మూత తీసి, స్పృహలేని మనిషి నోట్లో నీళ్లు పోస్తుంటారు. అది ప్రేమతో చేసే పనే, కానీ ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోతే ప్రాణం మీదికి వస్తుంది. 108కు ఫోన్ చేస్తే మండలం, ఊరు, దగ్గరి గుర్తు అడుగుతారు. చుట్టూ కంది చేలున్నచోట దారిన పోయేవాడికి ఆ ఊరి పేరు తెలియదు. 2005 ఆగస్టు 15న మొదలైన ఈ సేవ ఎన్నో ప్రాణాలు నిలిపింది. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ల మీద అంకెలు చెరిగిపోకుండా ఉంటే ఇంకొన్ని నిలుస్తాయి.

ఇవన్నీ దాటినా చివరికి ఒక భయం మిగులుతుంది: పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుందని. రోడ్డు భద్రతపై పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2013లో దేశంలో జరిపిన సర్వేలో 74 శాతం మంది ప్రమాద బాధితులకు సాయపడడానికి వెనకాడతామన్నారు. వాళ్లలో 88 శాతం మంది చెప్పిన కారణం పోలీసులు, కోర్టు చిక్కులే. తాండూరు నాపరాయి గనిలో దినకూలికి పోయేవాడికి స్టేషన్‌లో పోయే ఒక పూట అంటే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే అతను గాయపడినవాణ్ని ఆటోలో ఎక్కించి ఆసుపత్రి గేటు దాకా తెస్తాడు, లోపలికి రాడు. సాయం చేయడానికి వెనకాడని మనిషి పేరు చెప్పడానికి వెనకాడతాడు. మన ప్రాంతంలో దీన్ని నిర్లక్ష్యం అనడం తప్పు.

కాగితం మీద చూస్తే చట్టం ఈ భయాన్ని చాలావరకు తీసేసింది. సుప్రీంకోర్టు 2016 మార్చి 30న ఇచ్చిన తీర్పు, ఆ తర్వాత 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134ఎ సెక్షన్, 2020 నిబంధనలు కలిసి చెప్పేదేమిటంటే: తెచ్చినవాడు పేరు, చిరునామా చెప్పాలని బలవంతపెట్టకూడదు, ఆసుపత్రిలో ఆపకూడదు, డబ్బు కట్టమనకూడదు. ఇష్టపడి సాక్షిగా ఉంటే విచారణ ఒక్కసారితో ముగించాలి. ఈ హక్కులను స్థానిక భాషలో ఆసుపత్రి ముఖద్వారం దగ్గర రాసి పెట్టాలి. కాపాడినవాళ్లకిచ్చే కేంద్ర ప్రోత్సాహకం 2025లో రూ.5,000 నుంచి రూ.25,000కు పెరిగింది. నా అంచనాలో డబ్బుకన్నా ఆ గోడ మీది తెలుగు అక్షరాలే ఎక్కువ పనిచేస్తాయి. పేరు చెప్పడానికే జంకేవాణ్ని బహుమానం లోపలికి రప్పించలేదు.

చట్టం నిజంగా ఆ జంకును తగ్గించిందా అన్నది పరీక్షించడానికి కొత్త ప్రయోగశాల అక్కర్లేదు. ప్రమాద కేసులు రాసే ఆసుపత్రి రిజిస్టరులో ‘ఎవరు తీసుకొచ్చారు’ అన్న గడి ఉంటుంది. తాండూరు, వికారాబాద్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2016కు ముందటి ఏళ్లవీ, 2020 తర్వాతవీ ఆ గడులు పక్కపక్కన పెట్టి చూడాలి. బంధువులెందరు, 108 సిబ్బంది ఎందరు, పోలీసులెందరు, దారిన పోయేవాళ్లెందరు, ‘గుర్తు తెలియని వ్యక్తి’ అన్నవి ఎన్ని అని లెక్కకట్టాలి. చట్టం వచ్చాక పేరు చెప్పి సంతకం పెట్టినవాళ్లు పెరిగారా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది. పేర్లు బయటికి రాకుండా ఈ లెక్క తీయడానికి జిల్లా వైద్యాధికారుల అనుమతి, ఒక పరిశోధక విద్యార్థి ఓపిక చాలు.