ఆరు నెలల లెక్క

స్పీల్‌బర్గ్ ‘లింకన్’ (2012) చూసినవాళ్లకి విగ్గు పెట్టుకుని, సభలో ఎదుటివాళ్లని మాటలతో ఉతికి ఆరేసే ముసలాయన గుర్తుండే ఉంటాడు. టామీ లీ జోన్స్ వేసిన ఆ పాత్ర పేరు థాడియస్ స్టీవెన్స్. పెన్సిల్వేనియా లాయరు, కాంగ్రెస్ సభ్యుడు, బానిసత్వానికి బద్ధశత్రువు. చాన్నాళ్లు ఆయన నాకు హీరోనే. తర్వాత 1821 నాటి ఒక కేసు గురించి చదివాను.

చారిటీ బట్లర్ మేరీలాండ్‌లో బానిస. ఆమెని పనికి పెట్టుకున్న కుటుంబం పక్కనున్న పెన్సిల్వేనియాకి వెళ్తూ వస్తూ ఆమెని వెంట తీసుకెళ్లేది. బయటి రాష్ట్రపు బానిసని ఆరు నెలలకి మించి అట్టిపెట్టుకుంటే ఆ మనిషికి స్వేచ్ఛ వస్తుందని పెన్సిల్వేనియా చట్టం. నేనున్న రోజులన్నీ కలిపితే ఆరు నెలలు దాటాయి అన్నది చారిటీ వాదన. అలా కలపకూడదు, ఏకబిగిన ఉండాలి అన్నది యజమాని తరఫు వాదన. సరిహద్దు దాటిన ప్రతిసారీ లెక్క మళ్లీ సున్నా నుంచి. మా ఆఫీసులో ఎవరైనా ఇలాంటి కౌంటర్ రాస్తే బగ్ అని వెనక్కి పంపేస్తాం. రాష్ట్ర సుప్రీంకోర్టు మాత్రం ఒప్పుకుంది. చారిటీ, ఆమె పిల్లలు బానిసత్వంలోకే వెళ్లిపోయారు.

యజమాని తరఫున గెలిచిన లాయరు స్టీవెన్స్. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు, గెటీస్‌బర్గ్‌లో ప్రాక్టీసు.

ఆ కేసే ఆయన్ని మార్చిందని చెప్పుకోడం బాగుంటుంది. నాకూ అలాగే నమ్మాలనిపిస్తుంది. కానీ అది మరీ సినిమా స్క్రీన్‌ప్లేలా ఉంటుంది కాబట్టి జరిగినవే చూద్దాం. 1823 జూలై 4 విందులో, కాబోయే అధ్యక్షుడు ఎవరికీ సంకెళ్లు వెయ్యనివాడై ఉండాలని ఆయన టోస్ట్ చెప్పారు. 1835లో పేదపిల్లల చదువు కోసం ఉచిత పాఠశాలల చట్టాన్ని రద్దు కాకుండా కాపాడారు. తర్వాత పారిపోయి వచ్చిన బానిసల తరఫున కోర్టుల్లో నిలబడ్డారు.

1851లో క్రిస్టియానా అనే ఊళ్లో, పారిపోయినవాళ్లని పట్టుకోడానికి వచ్చిన యజమాని గొడవలో చనిపోయాడు. ఆయనదీ మేరీలాండే. పట్టుకోడానికి సాయం చెయ్యనన్నాడని కాస్ట్‌నర్ హాన్వే అనే మిల్లు యజమాని మీద ఏకంగా దేశద్రోహం కేసు పెట్టారు. ఈసారి స్టీవెన్స్ డిఫెన్సు వైపున్నారు. జ్యూరీ హాన్వేని వదిలేసింది.

అంతర్యుద్ధం తర్వాత ఆయన అడిగింది ఇంకా పెద్దది. దక్షిణాది పెద్ద భూస్వాముల భూములు స్వాధీనం చేసుకుని, విముక్తుడైన ప్రతి వయోజన పురుషుడికీ నలభై ఎకరాలు ఇవ్వాలన్నారు. సొంత పార్టీయే కలిసి రాలేదు. చట్టం ముందు అందరూ సమానమన్న 14వ సవరణ 1866లో కాంగ్రెస్ దాటినప్పుడు కూడా, ఇది నేను కోరుకున్నంత లేదు, అయినా తీసుకుంటాను అని సభలోనే చెప్పేశారు. ఈ రాజీ నాకు ఆ భూముల ప్రసంగం కన్నా ఎక్కువ నచ్చుతుంది. చట్టంలో ఒక్క మాట ఎలా ఉందన్న దాన్నిబట్టి మనుషుల బతుకులు ఎటు పోతాయో కోర్టులో చూసినవాడాయన.

1868 జూలైలో ఆ సవరణ ఆమోదం పొందింది. ఆగస్టు 11న స్టీవెన్స్ పోయారు. ఊళ్లో మిగతా శ్మశానాల్లో నల్లవాళ్లని పూడ్చనివ్వరని, అందరినీ రానిచ్చే చిన్న శ్మశానాన్ని లాంకాస్టర్‌లో ముందే ఎంచుకున్నారు. ఆ కారణం కూడా సమాధిరాయి మీద చెక్కించుకున్నారు. దాని మీద చారిటీ బట్లర్ ప్రస్తావన లేదు.